మహారాజశ్రీ మేరీ బిస్కెట్టు గారికి

మహారాజశ్రీ మేరీ బిస్కెట్టు గారి సముఖమునకు,

మన ఇళ్ళల్లో మీకున్న పలుకుబడి తెలియనిదెవరికి? జ్వరమొస్తే మీరు, ఆపరేషనైతే మీరు, ఆసుపత్రికి చూడ్డానికొచ్చేవాళ్ళ సంచిలో యాపిల్ పళ్ళ పక్కన మీరు. కడుపుతో ఉన్నామె 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగి, రెండు గంటలయ్యాక రక్తపరీక్షలో షుగరు 140 దాటి, గర్భంతో వచ్చే మధుమేహమని తేలిందనుకోండి, కాయితం చేతికొచ్చేలోపే మీకు కబురెళ్తుంది. "స్వీట్లు మానెయ్యమ్మా, ఆకలేస్తే నాలుగు మేరీ బిస్కెట్లు తిను, తేలిగ్గా ఉంటుంది." అత్తగారూ అమ్మగారూ ఒక్క మాటమీద నిలబడే అరుదైన సందర్భం ఇదే. ఆ గౌరవ పదవి నుంచి తమరిని తక్షణం తప్పిస్తున్నామని మనవి.

తేలిక అనేది మీ తూకానికి మాత్రమే వర్తించే మాట. మీరు నలుగురూ కలిసి 20 గ్రాముల పైచిలుకు. అందులో పిండిపదార్థం దాదాపు 16 గ్రాములు, అందులోనూ పంచదారే ఒక టీస్పూను. ప్రొటీన్ రెండు గ్రాములు చేరదు, పీచు సంగతి అడక్కపోవడమే మర్యాద. గర్భిణి చిరుతిండికి మామూలుగా ఇచ్చే పిండిపదార్థాల వాటా 15 నుంచి 30 గ్రాములు కాబట్టి, కాయితం మీద మీరు హద్దులోనే ఉన్నారు, ఒప్పుకుంటాం. కానీ ఏనాడైనా నలుగురితో ఆగారా? పంచదార వేసిన టీలో మునుగుతారు, గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి వేయిస్తారు, ప్యాకెట్టేమో నోరు తెరుచుకునే ఉంటుంది.

మీ తరఫు వకీళ్ళు జీఐ (గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగరుని ఎంత వేగంగా ఎక్కిస్తుందో చెప్పే అంకె) పట్టిక పట్టుకొస్తారని తెలుసు. గ్లూకోజును 100 అనుకుంటే 55 వరకూ తక్కువ, 70 నుంచి పైకి ఎక్కువ. మీ వంశంలో చాలామంది ఆ మధ్యలో కూర్చుంటారు. అయితే ఏమిటట? నూనెలో వేగిన చిప్స్‌కి ఉడికించిన బంగాళదుంప కన్నా జీఐ తక్కువే వస్తుంది, కొవ్వు జీర్ణాన్ని ఆలస్యం చేస్తుంది గనక. అంతమాత్రాన చిప్స్ పథ్యమైపోవు. పుచ్చకాయది తిరగబడ్డ కేసు. చాలా పట్టికల్లో జీఐ 70 దాటుతుంది, కప్పు ముక్కల్లో ఉండే పిండిపదార్థం మాత్రం పది పన్నెండు గ్రాములే. ఎంత వేగంగా ఎక్కుతుందో ఒక్కటే అడిగి వదిలేస్తే ఎలా? ఎంత తిన్నారు, పక్కన ప్రొటీన్ ఏముంది, అదీ అడగాలి.

మీ తమ్ముడు డైజెస్టివ్ గారికి పొట్టు చల్లుకుని గోధుమరంగులో తిరిగితే పిండి మారిపోదని చెప్పండి. షుగర్ ఫ్రీ బావగారి ప్యాకెట్ వెనక్కి తిప్పితే పంచదార బదులు తీపికోసం వేసే మాల్టిటాల్ ఉంటుంది, 965 అనే నంబరు వేషంలో. పంచదార తీసేశారు సరే, పిండి ఎక్కడికి పోయింది? అది గ్లూకోజుగా మారడం మానేసిందా? పైగా మాల్టిటాల్ మోతాదు పెరిగితే పొట్ట ఉబ్బరం, విరేచనాలు కానుక.

మీతోపాటు రాగిజావ గారి పదవి కూడా ఊడింది. ఇది చాలామందికి మింగుడుపడదు. రాగులు మంచివే. వాటిని మెత్తగా మరపట్టించి, పల్చగా ఉడికించి, బెల్లం వేసి గ్లాసులో పోస్తే మాత్రం నమలడానికి ఏమీ మిగలదు, షుగరు పరిగెడుతుంది. అదే రాగిపిండిలో ఉల్లిపాయ, మునగాకు, కాస్త శనగపిండి కలిపి చిన్న రొట్టె కాల్చి పెరుగుతో తింటే రీడింగు వేరేగా ఉంటుంది. ఇక మరమరాలు. చేతికి దూదిలా తగులుతాయి గానీ, జీఐలో పెద్దమనుషులే. బెల్లం, ఖర్జూరం, తేనె పంచదారకి దగ్గరి చుట్టాలు. సీమంతం చలిమిడిని శాస్త్రానికి చిటికెడు నోట్లో వేసుకుని డబ్బా మూతపెట్టడమే క్షేమం.

మీ కుర్చీలో కూర్చోబోయేది గుగ్గిళ్ళు. ఎండు నల్లశనగలు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళూ ఉప్పూ వేసి కుక్కర్లో నాలుగైదు కూతలు రానివ్వాలి. టీస్పూను నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, దించాక నిమ్మరసం. గింజ నొక్కితే మెదగాలి, గుజ్జు కాకూడదు. త్వరగా ఉడుకుతాయని వంటసోడా వేసి మెత్తబెడితే శనగ ఎంచుకున్న లాభం కొంత పోతుంది, అరుగుదల వేగం పెరుగుతుంది. గ్యాసు పట్టేవాళ్ళు సగం కొలతతో మొదలుపెట్టి పెంచుకోవాలి. మొలకలైతే పచ్చివి వద్దు, కడుపుతో ఉన్నప్పుడు సూక్ష్మజీవుల భయం. ఆవిరికి బాగా ఉడికించాకే పళ్ళెంలోకి.

వంటకి ఓపిక లేనిరోజు వేయించిన శనగలు గుప్పెడు, లేదా ఉడికించిన గుడ్డు, లేదా దోర జామకాయతోపాటు పది పదిహేను పల్లీలు. జామకాయ కొరుక్కునే తినాలి, రసం తీస్తే పీచు పిప్పిలో పోతుంది. పండు పొద్దున టిఫిన్‌తో కాకుండా పదకొండింటికో నాలుగింటికో మేలు. తెల్లవారి వేళ హార్మోన్ల ప్రభావంతో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. సాయంత్రం ఊరుకున్న పండే పొద్దున రీడింగు ఎక్కిస్తుంది. రాత్రి పడుకునే ముందు పంచదార లేని పాలు ఒక గ్లాసు, నాలుగు బాదం గింజలు. తెల్లారి షుగరు పెరుగుతుందన్న భయంతో రాత్రి ఏడింటికే తిని, ఉదయం ఎనిమిది దాకా ఖాళీ కడుపుతో ఉంటే కీటోన్లు (ఒళ్ళు కొవ్వుని కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరేవి) పెరగొచ్చు.

చిరుతిండి చేసే తప్పులన్నీ పాపం అన్నం మీదికి పోతుంటాయి. భోజనం తర్వాత ఇంట్లో చేసే మీటరు పరీక్షకి రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, ఆ మధ్యలో ఏమీ తినకూడదు. గంటన్నరకే మీలో ఇద్దర్ని నమిలి మీటరు పెడితే 120 లోపు రావాల్సింది 138 వస్తుంది, డాక్టరేమో అన్నం తగ్గించమంటారు. పండు కోసిన చేత్తో వేలు గుచ్చినా అంతే. రసం అంటిన చర్మం మీది పంచదారని కూడా మీటరు రక్తంలోదే అనుకుంటుంది. సబ్బుతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకున్నాకే సూది.

చివరికి మీకొక ఆశ ఉండొచ్చు: ఇన్సులిన్ తీసుకునే ఆమెకి షుగరు పడిపోయినప్పుడైనా పిలుస్తారని. చెమటలు, వణుకు, మీటరులో 70 కన్నా తక్కువ. అప్పుడు శనగలు పనికిరావు, నిజమే, మరీ నిదానం. మీరూ పనికిరారు, మీలోని పిండీ కొవ్వూ అరిగేదాకా ఆగే వ్యవధి లేదు. మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ పరీక్ష చేయాలి. ఎక్కకపోతే అదే మోతాదు మరోసారి, డాక్టరుకి ఫోను. నెమ్మది కావలసినచోట తొందర, తొందర కావలసినచోట నెమ్మది: ఉద్యోగార్హతల్లో ఇది మేమెక్కడా చూడలేదు.

ప్రసవమై ఆరు వారాలయ్యాక 75 గ్రాముల పరీక్ష మళ్ళీ ఉంటుంది. అందాకా అతిథులకి పెట్టే డబ్బాలోనే విశ్రమించగలరు. ఈలోగా అర్జీ పెట్టుకోదలిస్తే ప్యాకెట్ వెనక అట్ట జతచేయగలరు, ముందు అట్ట అక్కర్లేదు.

ఇట్లు,
నాలుగు గంటల పళ్ళెం లెక్కలు చూసేవాళ్ళం