కొన్న సొట్టలు, కొనని సొట్టలు

ఇది జరిగి నాలుగు రోజులే అయింది కాబట్టి, ఈ వ్యాసంలో హాస్యం కంటే ఉక్రోషం పాలు ఎక్కువగా ఉంటే పాఠకులు మన్నించాలి. డల్లాస్ పొలిమేరల్లో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడి తెలుగువాళ్ళు పండుగలకు పెట్టుకునే పాటకచేరీల్లో బేస్ గిటార్ వాయించే నేను, నాలుగు వేల పైచిలుకు డాలర్లు పోసి ఒక పాత బేస్‌ను కొత్తగా చేయించుకున్నాను. వాక్యం తిరగబడలేదు. అది తయారై మూడు నెలలు. దాని వాలకానికి అరవై ఏళ్ళు. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెకు ఒక మూల నలిగి ఉంది, బేస్ అడుగు అంచున రూపాయి బిళ్ళంత సొట్ట కనిపించింది, నష్టపరిహారం కోసం కొరియర్ సంస్థకు అర్జీ పెట్టాను, వారు ఒక పరిశీలకుణ్ణి ఇంటికి పంపారు.

పాతదనం మీద ఈ మోజు ఎక్కడిదో రెండు ముక్కలు చెప్పకపోతే నా అవివేకం లోతు అర్థం కాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్, 1951లో ప్రెసిషన్ బేస్ అన్న రకాన్నీ, 1960లో జాజ్ బేస్ అన్న రకాన్నీ బయటికి తెచ్చాడు. 1965 జనవరిలో తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ అమ్మకానికి ముందు పుట్టినవాటిని ప్రీ-సీబీఎస్ అంటారు. ఆ మాట పలికేటప్పుడు బేస్ వాయించేవాళ్ళ గొంతు, మన పెద్దలు తమ చిన్ననాటి నెయ్యి గురించి చెప్పేటప్పటి గొంతులా మారిపోతుంది. ఆ కాలపు బేస్ ఏ భాగమూ మార్చకుండా దొరికితే, ఆ డబ్బుతో ఒక కారు కొనుక్కోవచ్చు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు వెన్నెముకలా నిలిచిన జేమ్స్ జేమర్సన్ వాయించింది 1962 నాటి ప్రెసిషన్. 1983లో ఆయన పోవడానికి కొద్దికాలం ముందు అది దొంగలపాలైంది. జాజ్ సంగీతకారుడు జాకో పాస్టోరియస్, మెడ మీద స్వరాలు విడదీసే లోహపు మెట్లు లేని తన 1962 నాటి జాజ్ బేస్‌కు పడవలకు పూసే ఎపాక్సీ పూసి, దానితో ప్రపంచాన్ని నోరు తెరిపించాడు. వాళ్ళిద్దరి వేళ్ళూ ఎక్కడా అమ్మకానికి దొరకవు కనుక, కనీసం 1962 అన్న అంకెనైనా కొనుక్కుంటే కొంత అంటుకుంటుందేమోనన్నది నావంటివారి ఆశ.

ఆ రోజుల్లో చెక్కకు నైట్రోసెల్యులోజ్ లాకర్ పూసేవారు. అది పలచని పూత. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, చలికీ వేడికీ చెక్క కదిలినప్పుడల్లా ఎండిన చెరువులా నెర్రెలు విచ్చుతుంది, ముంజేయి ఆనే చోటా, వెనుక బెల్టు బకిల్ ఒరిసే చోటా అరిగి లోపలి చెక్క బయటపడుతుంది. తరువాతి కాలంలో వచ్చిన దళసరి పాలియెస్టర్ పూతకు ఇంత అందమైన జబ్బులు రావు. నిజంగా అరిగినదాన్ని కొనలేనివారి కోసం అరగదీసి ఇచ్చే పద్ధతి పుట్టింది. ఫెండర్ వారే 1995లో రెలిక్ అన్న పేరు పెట్టి ఆ సరుకును అంగడికెక్కించారు. చిన్నా పెద్దా కార్ఖానాలు అదే దారి పట్టాయి. తాళంచెవుల గుత్తితో కొడతారు, గరుకు కాగితంతో రుద్దుతారు, మరలకు ఆమ్లపు ఆవిరి పట్టించి తుప్పు తెప్పిస్తారు, పూతను ఉన్నట్టుండి చల్లబరిచి పగులగొడతారు. మామిడికాయల గంపలో కార్బైడు పొట్లం పెట్టడం కూడా ఇటువంటి పనే, కాకపోతే అక్కడ అధికారులు వచ్చి జరిమానా వేస్తారు. న్యాయంగా ఒక్క మాట ఒప్పుకోవాలి: మెడ వెనుక పూత అరగదీసి, అంచులు గుండ్రం చేసి ఉండటం వల్ల ఎడమ చెయ్యి ఎక్కడా అంటుకోకుండా జారుతుంది, ఆ సుఖం అబద్ధం కాదు. మిగిలిన మూడు వంతుల డబ్బు దేనికి పోశానన్నదే ప్రశ్న.

పెట్టె విప్పిన నాడు ఆ ప్రశ్న వేసింది మా అమ్మ. ఆరు నెలల కోసం తెనాలి నుంచి వచ్చిన ఆవిడ, బేస్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్టలు పడ్డ బిందెకు పాతసామాన్లవాడు సగం ధర కట్టేవాడు. నీకెంత తగ్గించాడు నాన్నా?" అని అడిగింది. సొట్టలకు విడిగా వెయ్యి డాలర్లు కట్టానని చెప్పే ధైర్యం లేక, కొరియర్‌వాళ్ళ మీద అర్జీ పెట్టే పనిలో మునిగిపోయాను.

పరిశీలకుడు మర్యాదస్తుడు. భోజనాల బల్ల మీద దుప్పటి పరిపించి, బేస్‌ను దాని మీద పడుకోబెట్టి, సంచిలోంచి కొలబద్ద, భూతద్దం, రెండు రంగుల గుండ్రటి స్టిక్కర్లు, పద్నాలుగు పేజీల ఫారం తీశారు.

"వస్తువు కొత్తదా, వాడినదా?"

"కొత్తది."

ఆయన భూతద్దం వీపు మీదికి జరిపారు. "ఇక్కడ అరిగి ఉంది."

"అది బెల్టు బకిల్ ఒరిపిడి."

"ఎవరి బెల్టు?"

"ఎవరిదీ కాదు."

ఆయన కాసేపు నన్నే చూశారు. తరువాత బేస్‌ను వెల్లకిలా తిప్పి, పై అంచున పూత పోయిన చోటును చూపించారు. అది ముంజేయి ఆని ఆని అరిగిన చోటని చెప్పాను. ఈసారి ఆయన ఎవరిదని అడగలేదు. ఫారంలో "ముంజేయి, యజమాని లేరు" అని రాసుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే నా పరువు కొంత మిగిలేది. కాని తీగలు చుట్టే మరల పక్కన, తలకాయ మీద, సిగరెట్ కాలిన మచ్చ ఒకటి ఉంది. పాతకాలపు వాద్యగాళ్ళు వాయిస్తూ వాయిస్తూ వెలిగించిన సిగరెట్‌ను తీగ కొసకు గుచ్చేవారు, అది మరిచిపోతే కాలి మచ్చ పడేది. ఆ మరపును కూడా కార్ఖానావాళ్ళు నాకు అమ్మారు. పరిశీలకుడు "సిగరెట్" అన్నారు. ఇంగ్లీషులో మా అమ్మకు తడుముకోకుండా అర్థమయ్యే పది మాటల్లో అదొకటి.

వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. "సిగరెట్ ఎవరు కాల్చారురా?"

"ఎవరూ కాల్చలేదమ్మా. ఫ్యాక్టరీలో మచ్చ పెట్టారు."

"గిటార్ల ఫ్యాక్టరీలో సిగరెట్లెందుకు?"

నలభై మూడేళ్ళ వయసులో, నేను పొగ తాగనని తల్లికి తెలుగులోనూ, ఆ పొగ ఎవరూ తాగలేదని పరిశీలకుడికి ఇంగ్లీషులోనూ, ఒకే బల్లకు ఇటూ అటూ తిరిగి సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. ఇద్దరూ నమ్మలేదు. కాకపోతే ఆయన రాసుకున్నారు, ఆవిడ లోపలికి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది.

తరువాత స్టిక్కర్ల ఘట్టం. నేను డబ్బు కట్టి కొన్న ప్రతి గాయానికీ పచ్చ స్టిక్కర్, రవాణాలో తగిలిన గాయానికి ఎర్ర స్టిక్కర్ అంటించాలి. అంకె వేసి, ఒక్కొక్కదాని ఎదుట నేను పొట్టి సంతకం పెట్టాలి. అలా పచ్చవి నలభై ఒకటి అయ్యాయి. పదిహేడో నంబరు దగ్గరకు వచ్చేసరికి నేను ఆగలేకపోయాను. కింది కొమ్ము కొసన, బొటనవేలి గోరంత మేర పూత లేచి, సన్‌బర్స్ట్ అనే, నడుమ లేతగా అంచుల్లో ముదురుగా ఉండే రంగుల కింద ఆల్డర్ చెక్క మెరుస్తూ ఉంటుంది. దీన్ని అంతకుముందు వారం మా బృందంలో తబలా వాయించే మిత్రుడికీ, కీబోర్డు వాయించే ఆవిడకూ అరగంట చొప్పున చూపించి, మిగతావన్నీ పనివాళ్ళ చేతులు, ఇది మాత్రం కళాకారుడి చెయ్యి అని ఉపన్యసించాను. పరిశీలకుడికీ అదే చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విని పచ్చ స్టిక్కర్ అంటించారు. చివరికి అడుగు అంచున ఉన్న రూపాయి బిళ్ళ సొట్టకు ఒకే ఒక్క ఎర్ర స్టిక్కర్ పడింది. నేను ఆఖరి సంతకం చేశాను.

అప్పుడు తీశారు ఫోటోలు. అమ్మినవారు పెట్టె కట్టే ముందు అన్ని వైపుల నుంచీ తీసి పంపినవట. ఈ పని ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే చేసి ఉండవచ్చు. కాని ఖాతాదారుడి వాంగ్మూలం మీద ఆ ఫోటోల ప్రభావం పడకూడదని వారి నిబంధన; అంటే మనిషి తన గోతిని తాను పూర్తిగా తవ్వుకునేదాకా పార ఇచ్చి పక్కన నిలబడాలన్నమాట. ఫోటోలో రూపాయి బిళ్ళ సొట్ట స్పష్టంగా ఉంది. ఫోటోలో కింది కొమ్ము నున్నగా, పసిపిల్ల బుగ్గలా ఉంది.

డబ్బు పోసి కొన్న సొట్టను నష్టమన్నాను. కొరియర్‌వాళ్ళు ఊరికే పెట్టినదాన్ని కళాకారుడి చెయ్యి అన్నాను.

పదిహేడో నంబరు పచ్చ స్టిక్కర్‌కూ ఆ ఎర్రదానికీ తావులు మార్చమని బతిమాలాను. సంతకం అయ్యాక రంగు మారదట. పోనీ బాగుచేయించే ఖర్చైనా ఇమ్మన్నాను. బాగుచేస్తే దీని విలువ ఏమవుతుందని ఆయన అడిగారు. మళ్ళీ పూత వేయించిన పాత బేస్ విలువ దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో పసివాళ్ళకు కూడా తెలుసు, ఆ మాట నా నోటితోనే చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, ఏ వెటకారమూ లేకుండా, బాగుచేస్తే ధర తగ్గే వస్తువుకు దెబ్బ తగిలితే ధర పెరగాలి కదా, ఈ లెక్కన మా సంస్థకే మీరు ఏమైనా బాకీ పడతారేమో పై అధికారిని అడిగి చెబుతానన్నారు.

వెళ్ళే ముందు స్టిక్కర్లన్నీ ఒక్కొక్కటే ఊడదీశారు. పలచని నైట్రో పూతకూ స్టిక్కర్ జిగురుకూ పడదన్న సంగతి నాకు తెలుసు, కాని అప్పటికి నోట మాట రాని స్థితిలో ఉన్నాను. నలభై ఒక్క పచ్చవీ మెల్లగానే వచ్చాయి. ఎర్రది మాత్రం తనతోపాటు వేలెడు లాకర్ ముక్కను ఊడబెరుక్కుని వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, భూతద్దంతో చూసి, "ఇది కొన్నదా?" అని అడిగారు. నేను బదులు చెప్పలోగా, ఆ స్టిక్కర్‌ను లాకర్ ముక్కతో సహా పద్నాలుగో పేజీలో "ఇతర విశేషాలు" అన్న గడిలో అంటించి, మా అమ్మకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.