వరద మొదలయ్యేది లేఅవుట్ కాగితం మీద

గట్టి వాన పడ్డ మర్నాడు ఎక్కడ చూసినా ఒకటే మాట: కాలువల్లో పూడిక తీయలేదు, కాలువలు వెడల్పు చేయాలి. పూడిక తీయాల్సిందే, కాదనను. కానీ అన్ని నీళ్లు అసలు కాలువ దాకా ఎందుకు వస్తున్నాయని అడిగేవారే కనబడరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. అదే చోట మట్టీ గడ్డీ ఉంటే చాలావరకు ఇంకిపోతుంది, మిగిలింది నెమ్మదిగా కదులుతుంది. డాబా, చుట్టూ పరిచిన టైల్స్, ముందున్న సిమెంటు రోడ్డు కలిస్తే దాదాపు అంతా నిమిషాల్లో వీధిన పడుతుంది. నగరంలో నాలుగు వీధుల మధ్య ఉండే ఒక మామూలు బ్లాకు నుంచి పారే నీరు, అంతే విస్తీర్ణమున్న అడవి నుంచి పారేదానికి ఐదు రెట్ల పైమాటేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ఆ అదనపు నీటికి బాధ్యుడు కాలువ తవ్వినవాడా, లేఅవుట్‌కు సంతకం పెట్టినవాడా?

కాలువను వెడల్పు చేస్తే మన నీళ్లు ఇంకా వేగంగా దిగువ కాలనీ మీద పడతాయి. నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో ఏముండాలో ముందే తేల్చాలి. అక్కడ ఆటస్థలమో పార్కో ఉంటే ఒక రోజు నీళ్లు నిలిచినా ఎవరి కొంపా మునగదు. మనం అక్కడే ఇళ్లకు అనుమతిచ్చి, తర్వాత పంపులు పెట్టి తోడిస్తాం.

రోడ్డు మధ్య మొక్కల మడి చూడండి. చుట్టూ గట్టు కట్టి, మట్టిని రోడ్డు కంటే ఎత్తుగా పోస్తారు. వాన పడితే మడిలోని బురద రోడ్డు మీదికి, రోడ్డు మీది నీళ్లు కాలువలోకి. వాన వెలిశాక అవే మొక్కలకు ట్యాంకరుతో నీళ్లు! మడిని జానెడు లోతు చేసి, గట్టుకు అక్కడక్కడ గండ్లు పెడితే సరిపోయేది. (బంకమట్టి నేలల్లో నీరు త్వరగా ఇంకదు, నిజమే. అక్కడ నీటిని కొంతసేపు ఆపే గుంటలకు చోటు వదలాలి.)

2011 జులైలో కుండపోతకు మునిగిన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్, మరుసటి ఏడాదే ప్రణాళిక వేసి పార్కులకూ వీధులకూ వాన నీటిని పట్టి ఉంచే పని అప్పగించింది. జర్మనీలో చాలా నగరాలు నేలను ఎంత మేర కప్పేశారో కొలిచి, దాన్ని బట్టి వాన నీటి రుసుము వసూలు చేస్తాయి. ఈ పద్ధతి నాకు మహా ఇష్టం. పార్కింగ్ కోసం స్థలమంతా కాంక్రీటు పోసినవాడి ఖర్చును, పెరట్లో మట్టి ఉంచుకున్నవాడు ఎందుకు మోయాలి?

భవన అనుమతి దరఖాస్తులో ఎన్ని అంతస్తులు, ఎన్ని కార్లు అని అడుగుతారు కదా. మీ స్థలంలో పడ్డ వానలో ఎంత బయటికి వదులుతారన్న గడి కూడా పెట్టండి. కట్టకముందు పారినదానికి మించితే అనుమతి ఆపండి.