పాలసీ డిగ్రీ సరే, కూర్చోవడానికి కుర్చీ ఏదీ?

కంప్యూటర్ ఎమ్మెస్‌కు అమెరికా దారి ఇరుకైపోవడంతో మన పిల్లల చూపు ఇప్పుడు కొత్త కోర్సుల మీద పడుతోంది. వాటిలో ముచ్చటగా కనిపించేది ఏడాదిలో ముగిసే పబ్లిక్ పాలసీ మాస్టర్స్, అంటే ప్రభుత్వ విధానాల మీద పీజీ. దేశానికి సేవ, విదేశీ డిగ్రీ, రెండూ ఒకే టికెట్ మీద. ఇక్కడ డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే ఈ కోర్సుకు వెళ్లడం డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.

ఆక్స్‌ఫర్డ్‌లోని బ్లావత్నిక్ స్కూల్‌నే చూడండి. మూడు టర్ములు, ఒక్కోటి 8 వారాలు. అంటే తరగతులు 24 వారాలు. ఆ తర్వాత వేసవిలో ఏదో ఒక సంస్థలో ప్రాజెక్టు. ఈలోపే అర్థశాస్త్రం, గణాంకాలు, చట్టం, రాజకీయాలు అన్నీ చుట్టేయాలి. ఫీజు ఒక్కటే 50 వేల పౌండ్లు దాటింది. మన లెక్కలో యాభై లక్షల పైమాటే. గది అద్దె, తిండి, వీసా ఖర్చులు దీనికి అదనం.

అమెరికా వాళ్లు ఈ విషయంలో మొహమాటపడలేదు. హార్వర్డ్ కెన్నెడీ స్కూల్ ఏడాది ఎంపీఏ (ప్రభుత్వ పాలనలో మాస్టర్స్) కావాలంటే కనీసం ఏడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. ప్రిన్స్‌టన్ ఏడాది కోర్సుకూ అదే ఏడేళ్లు. అనుభవం తక్కువున్న వాళ్లకు వాళ్లిచ్చేది రెండేళ్ల కోర్సు. పని చేసి వచ్చినవాడికి ఏడాది చాలు, చేయనివాడికి చాలదు అని ఆ స్కూళ్లే నిబంధన రాసిపెట్టుకున్నాయి. బ్రిటన్‌లో మాత్రం చాలా కోర్సులు కాలేజీ నుంచి నేరుగా వచ్చిన వాళ్లనూ రమ్మంటాయి. విదేశీ విద్యార్థి ఫీజు మీద అక్కడి యూనివర్సిటీలు ఎంత ఆధారపడ్డాయో తెలిసినవాళ్లకు దీని వెనక కారణం చెప్పనక్కర్లేదు.

అనుభవం ఎందుకంటారా? 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పథకాన్ని 157 మండలాల్లో పరీక్షించారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీలో తేల్చారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో కాజేసేది తగ్గిందని తేలింది. 2016లో అచ్చయిన ఆ అధ్యయనం పాలసీ చదువుల్లో పేరున్న ఉదాహరణ. దాన్ని ఎంపీడీవోగా పనిచేసినావిడ చదివితే, కార్డు రాకముందు కూలి ఎక్కడ ఆగేదో, కూలీల హాజరు పట్టీ మస్టర్ రోల్‌లో దొంగ పేర్లు ఎలా ఎక్కేవో గుర్తొస్తాయి. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అదే అధ్యయనం ఒక అంకెల టేబుల్, ఫలితం కాకతాళీయం కాదని చెప్పే మూడు నక్షత్రాల గుర్తులు. యాభై లక్షలు పోసి లండన్ పక్కన కూర్చుని మన మండలాల గురించి టేబుళ్లలో చదువుకోవడం ఏం ముచ్చటో!

పరిచయాలు పెరుగుతాయి, చూపు విశాలమవుతుంది, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ లాంటి స్కాలర్‌షిప్ వస్తే పైసా ఖర్చుండదు అంటారు. నిజమే. అయితే చెవెనింగ్ కూడా రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటుంది. వచ్చినవాళ్లు ఎక్కడ ఉండాలన్నదే నా ప్రశ్న.

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మన సచివాలయంలో పాలసీ చదివినవాడికి కుర్చీ లేదు. గ్రూప్-1 రాయాలి, లేదా సివిల్స్ రాయాలి. ఆ పరీక్షలో ఈ డిగ్రీకి ఒక్క మార్కు కలవదు. కేంద్రంలో సివిల్స్ రాయని బయటి నిపుణులను నేరుగా పెద్ద పోస్టుల్లోకి తీసుకునే లేటరల్ ఎంట్రీ కింద 45 పోస్టులకు 2024 ఆగస్టు 17న ప్రకటన వచ్చింది, 20న వెనక్కి పోయింది. రిజర్వేషన్ లేదన్న అభ్యంతరం న్యాయమైనదే. రిజర్వేషన్‌తో మళ్లీ పిలవాల్సింది పోయి తలుపే మూసేశారు. ఇక మిగిలింది కన్సల్టెన్సీ. అదే కుర్రాడు ప్రైవేటు కంపెనీ బ్యాడ్జీ వేసుకుని అదే సచివాలయంలో పవర్‌పాయింట్ స్లైడ్లు చేస్తాడు. ప్రభుత్వం అతని జీతానికి కంపెనీ కమీషన్ కలిపి బిల్లు కడుతుంది.

శాసనసభ సంగతి ఇంకా అన్యాయం. రాజధానినే మార్చే వికేంద్రీకరణ బిల్లును ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 2020 జనవరి 20న పెట్టి, ఆ రోజే ఆమోదించారు. 2021 నవంబరు 22న దాన్ని రద్దు చేసే బిల్లు కూడా పెట్టిన రోజే పాసైపోయింది. రెండుసార్లూ చేయెత్తిన ఎమ్మెల్యేల్లో బిల్లు పూర్తిగా చదివింది ఎందరు? చదివిపెట్టే మనిషి ఎవరున్నారు? ఎమ్మెల్యే పీఏలు లేరా అంటే ఉన్నారు. వాళ్లకు ఏ ఊళ్లో పెళ్లి, ఏ ఊళ్లో దశదినకర్మ, ఎవరికి సిఫార్సు లెటర్ అన్న లెక్కలతోనే పొద్దు గడిచిపోతుంది.

ఎంపీల దగ్గర యువ పరిశోధకులు ఏడాది పాటు పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌ను ఢిల్లీలో పీఆర్ఎస్ అనే సంస్థ 2010 నుంచి నడుపుతోంది. మనకు ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119, మొత్తం 294 మంది ఎమ్మెల్యేలు. ఒక్కొక్కరికీ నెలకు 60 వేల జీతంతో ఒక సహాయకుడిని ఇస్తే రెండు రాష్ట్రాలకూ కలిపి ఏడాదికి 21 కోట్ల చిల్లర. రిజర్వేషన్ రోస్టర్ పాటించి, రాత పరీక్ష పెట్టి, తెలుగులో బిల్లు చదివి విడమరచగలిగినవాళ్లనే తీసుకోండి. అక్కడ ఐదారేళ్లు పనిచేసినవాళ్లను ప్రభుత్వ ఖర్చుతోనే ఆక్స్‌ఫర్డ్‌కు పంపినా నాకు అభ్యంతరం లేదు.