‘మా కాలంలో అయితేనా...’ అనే మాటకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘మా కాలంలో అయితేనా’ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కుర్రకారు చెడిపోయిందని తమరు పూటపూటా చాటుతున్నా వాళ్ళింకా పూర్తిగా చెడిపోనందుకు తమరు దిగులు పడుతున్నారేమోనని ఈ నాలుగు ముక్కలు.

ముందుగా తమ పనితనానికి ఒక దండం. ‘అయితేనా’ దగ్గర దీర్ఘం లాగి, తల రెండుసార్లు అడ్డంగా ఊపి, అక్కడితో ఆగిపోతారు. వాక్యంలో క్రియ ఉండదు. అయితే ఏమయ్యేదో వినేవాడే ఊహించుకోవాలి. క్రియే లేని వాక్యానికి రుజువు అడిగేదెవరు? ఇంత పకడ్బందీగా మాట్లాడటం వకీళ్ళకు కూడా చేతకాదు.

తమది పాత వంశమే. క్రీస్తుకు ముందు 23 ప్రాంతంలో రోమన్ కవి హొరేస్ ఓ లెక్క చెప్పాడు: తాతలకన్నా తండ్రులు చెడ్డ, తండ్రులకన్నా మనం చెడ్డ, మన పిల్లలు మరీ చెడ్డ. తరానికి 25 ఏళ్ళు వేసుకున్నా అప్పటినుంచి ఇప్పటికి సుమారు 80 తరాలు. తరానికి 5 శాతం చొప్పున తరుగు తీస్తే, ఆనాడు 100 ఉన్న మంచితనం ఇవాళ 1.65. ఆ ఒకటిన్నర మార్కు పెట్టుకునే తమ భక్తులు పిల్లల పేపర్లు దిద్దుతున్నారు! (అన్నట్టు, పిల్లలకు పెద్దలంటే లెక్కలేదని సోక్రటీస్ అన్నాడంటూ ఫార్వర్డ్ అయ్యే ఆ సర్టిఫికెట్టు లోపల పెట్టేయండి. ప్రాచీన గ్రీకుల సణుగుడంతా పోగేసి ఓ కేంబ్రిడ్జి పరిశోధకుడు రాసిన ముక్క అది, 1907లో అచ్చయింది.)

తమ లోపలి మరను 2019లో ప్రోట్జ్‌కో, స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విప్పి చూశారు. బాగా చదివేవాళ్ళు ‘ఈ కాలం పిల్లలు పుస్తకం ముట్టరు’ అంటున్నారు. పెద్దరికానికి పెద్దపీట వేసేవాళ్ళు ‘గౌరవం లేదు’ అంటున్నారు. ఎవరికి ఏది దండిగా ఉందో, పిల్లల్లో అదే కొరత. ఎందుకంటే జ్ఞాపకంలోని బడి బెంచీ మీద కూర్చునేది ఆనాటి కుర్రాడు కాదు. నలభై ఏళ్ళ చదువరి తలను పదేళ్ళ ఒంటికి అతికిస్తాం. అంతటితో ఊరుకోకుండా క్లాసు మొత్తానికీ అదే తల తగిలిస్తాం. చివరి బెంచీలో నిద్రపోయినవాళ్ళు కూడా జ్ఞాపకంలో పండితులైపోతారు. ఇక ఇప్పటి పిల్లలు గెలిచేదెలా? పరీక్ష పెట్టి, ‘మీ చదువు అంతంతమాత్రమే’ అని ఉత్తుత్తి మార్కులు చూపిస్తే మాత్రం ఆ పెద్దల ఫిర్యాదు జోరు తగ్గింది. మందు చవకే, మింగేవాళ్ళేరీ?

ఓర్పు సంగతి కూడా తేలిపోయింది. ఇప్పుడైతే ఒక మిఠాయి, ఆగితే రెండు అనే పరీక్ష 1960ల నుంచీ ఉంది. ఈనాటి పిల్లలు అప్పుడే లాగించేస్తారని పెద్దల్లో ఎక్కువమంది పందెం కాశారు. 2000ల నాటి పిల్లలు 1960ల వాళ్ళకన్నా సగటున 2 నిమిషాలు ఎక్కువ ఆగారు.

2023లో మాస్ట్రోయాని, గిల్బర్ట్ అనే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకో గుట్టు బయటపెట్టారు. కనీసం 60 దేశాల్లో, కనీసం 70 ఏళ్ళుగా జనం నీతి తగ్గిపోతోందనే అంటున్నారు. చిత్రమేమిటంటే, చాలామంది దృష్టిలో లోకం చెడటం మొదలైంది తాము పుట్టాకే. తమకు బాగా తెలిసినవాళ్ళు మాత్రం చెడలేదట!

అయినా తమరిని నోరు మూసుకోమనడం లేదు. ఇకపై క్రియతో సహా రండి: ఏ గుణం, ఏ వయసు, ఏ ఏడాది, దేంతో కొలిచారు. అప్పటి 17 ఏళ్ళవాళ్ళ పక్కన ఇప్పటి 17 ఏళ్ళవాళ్ళనే నిలబెట్టండి, ప్రశ్న మార్చకండి. అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలను 1975 నుంచి ఏటా అలాగే అడుగుతున్నారు. రోజూ పుస్తకమో పత్రికో చదివేవాళ్ళు 1970ల చివర్లో నూటికి 60 మంది ఉంటే, 2016కు 16 మందే మిగిలారు. ఈ పందెం తమరిదే, మీసం మెలేసుకోండి. సిగరెట్టు తాగేవాళ్ళు 1997లో మూడో వంతు పైమాటే, ఈమధ్య నూటికి 5 కూడా లేరు. ఈ లెక్క ఉన్న పేజీ మాత్రం తిప్పకండి. తమకది అలవాటే కదా.

ఇట్లు,
తమరు నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ దగ్గుతో సరిపెట్టుకునే విధేయుడు