పాత కారు మీద ఖర్చు దండగేనా? స్పోర్ట్స్ కారు వాదనకు నా జవాబు

కొన్నాళ్లుగా ఒక వాదన చేతులు మారుతూ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. పంపినవాళ్లలో ఇద్దరికి అసలు కారే లేదు, అది వేరే సంగతి. వాదన ఇది: రోజూ ఆఫీసుకు వెళ్లే పాత కారుకు రిపేర్లు చేయిస్తూ కూర్చోవడం తెలివితక్కువ పని. బిల్లు కారు ధరలో సగం దాటిందంటే దాన్ని వదిలించుకోవాలి. వచ్చిన డబ్బుకు ఇంకొంత కలిపి, తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలి. అది గట్టిది, సేఫ్, ధర పడిపోదు, మైలేజీలో పెద్ద తేడా ఉండదు, పైగా రోజూ ఆనందం.

ఆ చివరి మాట తప్ప మిగతావన్నీ లెక్కల్లా కనిపిస్తాయి. జనం నమ్ముతున్నది కూడా అందుకే. నా దగ్గర పదహారేళ్ల కారు ఒకటుంది. మధ్యలో ఏడాదిన్నర పాటు దాని పక్కనే ఒక స్పోర్ట్స్ కారు కూడా ఉండేది. రెండింటి బిల్లులూ కట్టినవాణ్ని కాబట్టి ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

“రిపేరు బిల్లు కారు ధరలో సగం దాటితే ఆ కారు పని అయిపోయినట్టే.”

ఇలాంటి గీత ఇన్సూరెన్స్ కంపెనీకి పనికొస్తుంది. యాక్సిడెంట్ అయిన కారును బాగుచేసే ఖర్చు దాని విలువలో ఫలానా వంతు దాటితే, టోటల్ లాస్ అని రాసి, డబ్బిచ్చి చేతులు దులుపుకుంటారు. రేపు పొద్దున ఆ కారులో ఆఫీసుకు వెళ్లాల్సిన అవసరం వాళ్లకు లేదు. మీకుంది.

అంకెల్లో చూద్దాం. మీ పాత కారును ఇవాళ అమ్మితే 10 వస్తుందనుకోండి. క్లచ్ ప్లేటు, రేడియేటర్, ముందు సస్పెన్షన్ బుష్‌లు కలిపి బిల్లు 6 అయింది. సూత్రం ప్రకారం అమ్మేయాలి. కానీ ఆ మూడూ కొత్తవి పడ్డాక కారు ఇంకో రెండేళ్లు సాఫీగా నడిస్తే ఏడాదికి పడేది 3. దాని బదులు 60 పెట్టి స్పోర్ట్స్ కారు కొన్నారనుకోండి. ఏడాదికి అందులో పదో వంతు తరిగినా 6 పోయింది. ఇంకా ఇన్సూరెన్స్ కట్టలేదు, టైర్ల జోలికి వెళ్లలేదు, అప్పు తీసుకుని ఉంటే వడ్డీ లెక్కలోకే రాలేదు. పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఈ రెండు ఏడాది ఖర్చుల్ని.

బిల్లును అమ్మకపు ధరతో పోలిస్తే ఒక తమాషా జరుగుతుంది. కారు పాతబడే కొద్దీ ధర తగ్గుతుంది, స్పేర్ పార్టుల ధర మాత్రం తగ్గదు. కాబట్టి ఏదో ఒక రోజు నాలుగు టైర్లు మార్చినా ‘సగం’ దాటుతుంది. టైర్లు అరిగాయని కారు అమ్ముకునేవాణ్ని నేనైతే చూడలేదు.

సూత్రంలో నిజం అసలే లేదని కాదు. క్లచ్, బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు అరిగిపోవడానికే ఉన్నవి. మారిస్తే సరిపోతుంది. ఛాసీని తుప్పు తినేయడం, గేర్‌బాక్స్ పోవడం, ఇంజిన్ వేడెక్కి సిలిండర్ హెడ్ వంగిపోవడం వేరు. అక్కడ ఆగి ఆలోచించాలి. అందుకే మెకానిక్‌ను “ఎంతవుతుంది?” అని అడిగి ఊరుకోకుండా “ఇది చేయించాక తర్వాత ఏది పోతుంది?” అని కూడా అడగాలి. మా మెకానిక్ సస్పెన్షన్ పని మొదలుపెట్టే ముందు నాతో అన్న మాట: “సార్, ఇది చేయిద్దాం. గేర్‌బాక్స్‌లో శబ్దం మొదలైతే మాత్రం ఇంక దీనికి డబ్బు పెట్టొద్దు.” సగం, పావు అనే సూత్రాలన్నింటికన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది.

“స్పోర్ట్స్ కారు ఇంజినీరింగ్ గొప్పది, అందుకే గట్టిగా ఉంటుంది. పాతది నడిరోడ్డు మీద ఆగిపోతుంది.”

ఇంజినీరింగ్ గొప్పదే. కాకపోతే ఆ గొప్పతనం వేగం కోసం, మలుపుల కోసం పెట్టింది. మెకానిక్ చెయ్యి సులువుగా దూరాలని పెట్టింది కాదు. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు (పిస్టన్లకూ వాల్వులకూ తాళం కలిపే బెల్టులు) మార్చాలంటే ఇంజిన్ మొత్తాన్ని బయటికి దించాలి. మాజ్దా ఆర్‌ఎక్స్-8లోని, పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఆయిల్ తాగుతుంది. లోపలి సీళ్లు అరగకుండా కొంచెం కొంచెం ఆయిల్ చిమ్మేలా దాన్ని తయారుచేశారు. ఆయిల్ చూసుకునే అలవాటు లేనివాడి చేతిలో అది ఎన్నాళ్లు బతుకుతుందో ఊహించండి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన పోర్షా బాక్‌స్టర్, 911 కార్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే చిన్న భాగం ఉంటుంది. అన్నింటిలోనూ పోదు. పోయినదాంట్లో మాత్రం ఇంజినే పోతుంది. ఆ వ్యవహారం అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది.

సంఖ్య కూడా చూడండి. టొయోటా కరోలా 5 కోట్లకు పైగా అమ్ముడైంది. ఎఫ్355 మొత్తం తయారైనవే దాదాపు 11 వేలు. ఏ కారు పార్టు ఏ కొట్టులో దొరుకుతుందో, ఏ కారును మామూలు మెకానిక్ విప్పగలడో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. అందరూ ఫెరారీ కొంటారా అంటారేమో. కొనరు. మాజ్దా ఎంఎక్స్-5 లాంటివీ ఉన్నాయి. 1989లో మొదలై 2016 నాటికి 10 లక్షలు తయారైన, తేలికైన, నమ్మదగ్గ కారు అది. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే మినహాయింపు. కానీ ఆ వాదన ‘స్పోర్ట్స్ కారు’ అని గంపగుత్తగా చెబుతోంది కదా.

ఇక నడిరోడ్డు మీద ఆగడం. చాలా లోపాలు ముందే చెప్పి వస్తాయి. బేరింగ్ మోగుతుంది, కూలెంట్ తగ్గుతుంది, పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ మూలుగుతుంది. వినే చెవి ఉండాలి. చెప్పాపెట్టకుండా పోయేది టైమింగ్ బెల్టు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి, అంతటితో ఇంజిన్ కథ ముగుస్తుంది. కారు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకో, రాసిన ఏళ్లకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయాలి. పాత కారుతో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది అదొక్కటే. దాన్ని మార్చిన తేదీ డిక్కీ మూత లోపల మార్కర్‌తో రాసిపెట్టుకున్నాను.

“తక్కువ తిరిగింది కాబట్టి కొత్తదానితో సమానం.”

నేను బోర్లా పడింది ఇక్కడే. నేను కొన్న స్పోర్ట్స్ కారు వయసు తొమ్మిదేళ్లు, రీడింగ్ మాత్రం చూస్తే ముద్దొచ్చేంత తక్కువ. టైర్ల మీద గాడులు నిండుగా ఉన్నాయి. మొదటి వానలో, పెద్ద వేగం కూడా లేదు, మలుపులో వెనక భాగం పక్కకు జారింది. గుండె జారడానికీ అంతే సమయం పట్టింది. ఇంటికొచ్చి టైరు పక్క గోడ మీద, అది ఎప్పుడు తయారైందో చెప్పే డాట్ కోడ్ చూశాను. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2314 అంటే 2014లో 23వ వారం. నా టైర్లు కారుతో పుట్టినవే. రబ్బరు గట్టిపడి పోయింది. గాడులెంత మిగిలి ఉన్నా పదేళ్లు దాటిన టైరును తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఎండలో నిలబడిన కారుకు ఆ పదేళ్లు కూడా ఎక్కువే.

కిలోమీటర్లు అరిగిస్తాయి, కాలం కుళ్లబెడుతుంది. రీడింగ్ మొదటిదే చూపిస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, మరిగితే బ్రేకు పట్టదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. గట్టిగా బ్రేకులు వాడడానికే తయారైన కారులో, ఏళ్ల తరబడి మార్చని ఫ్లూయిడ్! పెట్రోలు నెలలు గడిస్తే పాడవుతుంది. సీళ్లు ఎండుతాయి, నిలబడిన చోటే టైర్లు చదునెక్కుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వారానికోసారి పది నిమిషాలు తిప్పితే చాలనుకుంటారు కొందరు. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల చేరిన నీరు ఆవిరి కాదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది. నా కారుకు మొదటి ఆరు నెలల్లో టైర్లు, బ్యాటరీ, ఫ్లూయిడ్లు, రెండు హోస్ పైపులు, ఒక ఇంధన పంపు మార్చాను. తక్కువ తిరిగిందని ఎక్కువ ఇచ్చి కొన్న బండి అది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ ఇర్వ్ గోర్డన్. అమెరికాలో స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పిన టీచరు. 1966లో ఎర్రటి వోల్వో పీ1800ఎస్ కొన్నాడు. రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే. దాంట్లోనే రోజూ పనికి రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్లు వెళ్లేవాడు. 2013 సెప్టెంబరులో ఆ కారు 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు దాటింది. స్పోర్ట్స్ కారు కూడా ఎక్కువ కాలం బతుకుతుందని చెప్పడానికి ఈ కథను వాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది అంతకాలం బతికింది రోజూ తిరిగి, టైముకు సర్వీసింగ్ చేయించుకున్నందుకు. మూత కప్పి దాచిపెట్టినందుకు కాదు. ఉన్న కారును వదిలించుకోకుండా చూసుకున్నవాడి కథను, ఉన్న కారును అమ్మేయమనే వాదనకు సాక్ష్యంగా ఎలా తెస్తారు?

“స్పోర్ట్స్ కారు ధర పడదు, పెరుగుతుంది కూడా.”

కొన్నింటికి పెరిగింది. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పోర్షా 911ల తయారీ 1998తో ఆగిపోయింది, తర్వాత వాటి ధరలు ఎక్కడికో వెళ్లాయి. కానీ ఏ కార్లకు పెరిగింది? తక్కువ తిరిగినవాటికి, కాగితాలన్నీ ఉన్నవాటికి, గీత పడనివాటికి. మీరేమో రోజూ ఆఫీసుకు వేసుకెళ్తామంటున్నారు. ట్రాఫిక్‌లో రాసుకుంటూ, ఎండలో పార్క్ చేస్తూ, ఏడాదికి వేల కిలోమీటర్లు కలుపుతూ దాచుకున్న కారు ధర రమ్మంటే రాదు. అటు పెట్టుబడి, ఇటు రోజువారీ బండి. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మిగతా మామూలు స్పోర్ట్స్ కార్లకు కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. రెండే సీట్లున్న బండిని అడిగేవాడి కోసం నేను నాలుగు నెలలు ఎదురుచూశాను.

మైలేజీ సంగతి త్వరగా తేల్చేద్దాం. చిన్న స్పోర్ట్స్ కార్లు కొన్ని ఫర్వాలేదు. కానీ వాటిలో చాలావాటికి ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలే పొయ్యాలి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని పోల్చి, లీటరు ధర మరిచిపోతే ఎలా?

“పాత కారు సేఫ్ కాదు.”

ఈ ఒక్కచోట వాళ్ల మాటకు బలం ఉంది. కారు అదుపు తప్పేటప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఈఎస్‌సీ అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లలో కొన్నింటికే ఉంది. తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల గొడవ కూడా పాత కార్లదే. కాలం గడిచాక, బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ పేలి లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదం ఉందని కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. మీ కారు ఛాసీ నంబరుతో ఈ రీకాల్ ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ఉంటే ఉచితంగా మారుస్తారు.

అయితే దీన్నుంచి తేలేదేమిటి? కొంచెం కొత్త కారు కొనాలని. అదే వయసున్న స్పోర్ట్స్ కారు కొనాలని మాత్రం కాదు. అమెరికాలో అమ్మిన హోండా ఎస్2000కి 2006 మోడల్ వచ్చేదాకా ఈఎస్‌సీ లేదు. వెనక చక్రాలకు శక్తి, తేలికైన బాడీ, తడి రోడ్డు, తొమ్మిదేళ్ల టైర్లు... ఆ చివరిదాని సంగతి పైన చెప్పాను.

“రోజూ ఆనందం.”

దీన్ని ఖండించను. ఖండించడానికి ఇది లెక్క కూడా కాదు, కోరిక. కోరికను కోరికగా చెప్పుకుంటే నాకు పేచీ లేదు. ‘డబ్బు ఆదా’ అనే చొక్కా తొడిగి పంపిస్తేనే కోపం వస్తుంది. ‘రోజూ’ అనే మాట దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అదే ఎస్2000 మొదటి మోడళ్లలో ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా వెళ్తుంది, అసలు మజా 6,000 దాటాకే మొదలవుతుంది. ఆఫీసు దారిలో మీరు 2,500 దాటేది ఎన్నిసార్లు? గట్టి క్లచ్, నేలకు ఆనుకున్న సీటు, ముందున్న బస్సు వెనక నంబరు ప్లేటు. మూడో నెలకల్లా సిగ్నల్ దగ్గర ఆ ఇంజిన్ చప్పుడు నాకే విసుగు పుట్టించింది.

నేను చూసినవాళ్లలో స్పోర్ట్స్ కారుతో సుఖపడ్డ మిత్రుడు ఒకడున్నాడు. వాడు పాత ఆఫీసు కారును అమ్మలేదు. వాన పడ్డా, పార్టు కోసం నెలరోజులు ఆగాల్సి వచ్చినా, స్పోర్ట్స్ కారు షెడ్డులో పడి ఉన్నా వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పొద్దున పాతది ఉంటుంది కదా. ఎప్పుడైనా ఆదివారం తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. ఆ గంటా ఖర్చుల మాట ఇద్దరం ఎత్తం.