పేగు తయారైందంటూ తిరుగుతున్న సందేశానికి జవాబు

"ల్యాబ్‌లో మనిషి పేగును పెంచేశారు, కంపెనీలు ఈ సంగతి దాస్తున్నాయి, క్రోన్స్ (పేగులో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) రోగులు మందులు ఆపి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించుకుంటే చాలు" అనే వాట్సాప్ సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారందరూ మేలు కోరేవారే కనుక ఇన్నాళ్లూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను.

పెంచింది పేగు కాదు, ఆర్గనాయిడ్, అంటే అవయవాన్ని పోలిన చిన్న కణాల ముద్ద. 2011లో అచ్చయిన, అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి ప్రయోగంలో జేసన్ స్పెన్స్, జేమ్స్ వెల్స్ బృందం మానవ మూలకణాలకు (స్టెమ్ సెల్స్‌కు) మూడు రోజులు యాక్టివిన్, తర్వాత నాలుగు రోజులు వింట్, ఎఫ్‌జీఎఫ్4 ప్రొటీన్లు అందించి, పుట్టిన చిన్న గోళాలను జెల్‌లో వారాల తరబడి పెంచింది. వాటిలో చూషకాల (పోషకాలను పీల్చుకునే పేగు లోపలి మొనల) వంటి మడతలు, జిగురు స్రవించే కణాలు ఏర్పడ్డాయి కానీ రక్తనాళాలు లేవు, నాడులు లేవు. నాడీకణాలను వేరుగా పెంచి జోడించడానికి 2017 దాకా పట్టింది. కొన్ని మిల్లీమీటర్ల ఆ ముద్దను ఆరు మీటర్ల చిన్నపేగుకు బదులుగా ఎలా అమర్చుతారు?

దాస్తున్నారన్న మాటకు ఒక్క వాక్యం చాలు: ఇది నేచర్ అనే సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన.

నాకు కోపం తెప్పించింది మందులు ఆపమన్న సలహా. ఆ ఇంజెక్షన్లలో సాధారణంగా ఉండేవి ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన కణాలు; అవి పేగుగా మారవు. ఆర్గనాయిడ్లను ఎక్కువగా పెంచే మ్యాట్రిజెల్ అనే జెల్‌ను ఎలుక కణితి నుంచి తీస్తారు కనుక, అందులో పెరిగినదాన్ని నేరుగా మనిషి ఒంట్లోకి ఎక్కించడం వైద్యం కాదు. ఇక క్రోన్స్ మందులు హఠాత్తుగా మానేస్తే వ్యాధి తిరగబెట్టి, పేగు ఇరుకై, చివరికి కోత పెట్టించుకోవలసి రావచ్చు. ఆ నొప్పిని భరించేది సందేశం రాసినవాడు కాదు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి: ఆశ పూర్తిగా అబద్ధం కాదు. 2022లో టోక్యో వైద్య, దంత విశ్వవిద్యాలయం వైద్యులు అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) రోగి సొంత పెద్దపేగు కణాల నుంచి పెంచిన ఆర్గనాయిడ్లను ఎండోస్కోపీతో పుండుపై అతికించారు. నేను కూడా దాన్ని ఆనందంగానే చదివాను. అయితే అది అనుమతి పొందిన పరిశోధన, బజారు చికిత్స కాదు. మన దేశంలోనూ 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే (రోగులపై చేసే పరిశోధనలోనే) జరగాలి. ఎవరైనా డబ్బు అడిగితే ముందు సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య చూపించమనండి, అప్పటిదాకా డాక్టరు రాసిన మాత్ర ఒక్క పూట కూడా మానకండి.