చెయ్యి అడ్డం పెట్టక్కర్లేని దారి

హైదరాబాద్‌లో రోడ్డు దాటే పద్ధతి ఒకటుంది. వచ్చే బండి వైపు అరచెయ్యి చాపి, ఆగుతాడులే అనుకుంటూ ముందుకు నడిచేయడం. జీబ్రా గీతల మీద లేని నమ్మకం మనవాళ్లకు ఆ చేతి మీద ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉత్తర, దక్షిణ ప్రాంగణాల మధ్య విద్యార్థులూ ఈ చేతినే నమ్ముకోవాల్సి వచ్చింది. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద, హ్యాండిల్‌కు పుస్తకాల సంచి, కళ్లు హెడ్‌లైట్ల మీద. ఇప్పుడా రెండు సగాలను కలుపుతూ రోడ్డు కింద అండర్‌పాస్ వచ్చింది. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాలను చల్లార్చడానికి కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలంగా 1974లో ఈ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు తరగతులు జరిగింది అబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇంట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో. ఇప్పుడు క్యాంపస్ ఉన్న గచ్చిబౌలి అప్పటికి బండరాళ్లు, నెమళ్లు ఉన్న ఊరవతల చోటు. తర్వాత ఐటీ వచ్చింది, ఆఫీసులు వదిలే వేళకు రోడ్లన్నీ కార్లతో నిండాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. దాని ముందు చాపిన చెయ్యి ఏపాటిది? 2022లో దేశంలోని రోడ్లపై 1,68,491 మంది చనిపోతే, వారిలో 32 వేల మందికి పైగా నడిచి వెళ్తున్నవారే.

ఫుటోవర్ బ్రిడ్జి కట్టకుండా కిందినుంచి దారి తీయడం తెలివైన పని. బ్రిడ్జి కింద లారీలు, బస్సులు పోవాలంటే అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి. స్లాబు మందంతో కలిపితే మనిషి రెండంతస్తులు ఎక్కి దిగాలి. నగరంలో చాలా బ్రిడ్జిలు ఖాళీగా ఉండి, వాటి కిందే జనం డివైడర్లు దూకడానికి అసలు కారణం అదే. నడిచేవారికి, సైకిళ్లకు అయితే నేల కింద రెండున్నర మీటర్ల ఎత్తు చాలు. పైగా సైకిల్ ముందు దిగుతుంది, ఆ ఊపుతోనే సగం ఎక్కేస్తుంది.

ఒక్క మాట మాత్రం గొణుక్కోక తప్పదు. బండ్ల వేగం తగ్గించడం మనకు చేతకాక, నడిచేవాణ్ని నేల కిందికి పంపుతున్నాం. సైకిల్ మీద క్లాసుకు పోయే పిల్ల దిగి ఎక్కాలి, ఏసీ కారులో కూర్చున్నవారు మాత్రం బ్రేకు మీద కాలు పెట్టక్కర్లేదు. అండర్‌పాస్ వచ్చింది కదా అని పైన స్పీడ్ బ్రేకర్లు పీకేస్తే మేం ఊరుకోం.

ఇక నీళ్ల సంగతి. క్యాంపస్‌కు కూతవేటు దూరంలోని లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి గురించి ఆ దారిన పోయేవారికి చెప్పనవసరం లేదు. గట్టి వాన పడితే అది చెరువే. బస్సులు నీళ్లలో ఆగిపోయిన ఫొటోలు మా పేజీల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. ఇక్కడిది రాతినేల, నీరు తొందరగా ఇంకదు, పల్లం వెతుక్కుంటూ పోతుంది. అండర్‌పాస్‌ను మించిన పల్లం దానికి ఎక్కడ దొరుకుతుంది? కాలువ, సంపు, మోటారు ఉంటే చాలదు. మోటారుకు కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఉండాలి. అది వేసే మనిషీ ఉండాలి.

లైట్లదీ అదే కథ. రాత్రి పదకొండుకు లైబ్రరీ నుంచి ఒంటరిగా హాస్టల్‌కు నడిచే అమ్మాయి, ఒక చివర నిలబడితే రెండో చివర స్పష్టంగా కనపడాలి. ఒక్క ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమంటున్నా ఆమె కిందికి దిగదు. మళ్లీ పైకి వెళ్లి, చెయ్యి చాపే దాటుతుంది.

తొలకరి ఎప్పుడూ చెప్పి రాదు. అర్ధరాత్రి వాన దంచికొడుతున్నప్పుడు మోటారు గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో, విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గరా, నగరపాలక సంస్థ వాళ్ల దగ్గరా, ఆ ఫోన్ నంబరుతో సహా అండర్‌పాస్ రెండు చివర్లా బోర్డు రాసి పెట్టాలి. ఇప్పుడే, పెయింట్ ఆరకముందే.